ఐదు నెలల నిద్రకు మోటారుసైకిలును సిద్ధం చేయడం ఎలా?

మా ఊరి బండ్లకు నెలల తరబడి ఆగడమంటే ఏమిటో తెలియదు. ఎండలో మాడతాయి, వానలో తడుస్తాయి, పండగ రోజు కడిగించుకుని మళ్ళీ రోడ్డెక్కుతాయి. ఆ అలవాటుతోనే అమెరికా ఉత్తరాన ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలో నా మొదటి చలికాలం బండిని పాడు చేసుకున్నాను. నవంబరులో మంచు పడగానే గ్యారేజీలో ఒక మూలకు నెట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, ఏప్రిల్ దాకా దాని మొహం చూడలేదు. ఏప్రిల్‌లో పట్టా ఎత్తితే లోపలంతా చెమట. బ్యాటరీ చచ్చిపోయింది. ట్యాంకు మూత తీస్తే పెట్రోలు వాసనకు బదులు పాత రంగు డబ్బా వాసన. చైను ఎర్రగా తుప్పు పట్టింది. ఎయిర్ ఫిల్టరు పెట్టెలో ఒక ఎలుక సంసారం పెట్టింది.

మెకానిక్ బిల్లు కట్టాక కూర్చుని ఈ పని నేర్చుకున్నాను. ఇప్పుడు ఏటా ఒక శనివారం మధ్యాహ్నం సరిపోతుంది. మినియాపోలిస్, షికాగో, డెట్రాయిట్, టొరంటో లాంటి చోట్ల ఉంటూ మోజుపడి బండి కొనుక్కున్నవాళ్ళ కోసం ఆ క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. మిన్నెసోటాలోని మినియాపోలిస్‌లో జనవరి రాత్రుల సగటు ఉష్ణోగ్రత మైనస్ 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఇదే రాష్ట్రంలో టవర్ అనే చిన్న ఊళ్ళో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 డిగ్రీలు నమోదైంది. వింటేనే వణుకు పుడుతుంది కానీ, ఇనుముకూ అల్యూమినియానికీ చలితో పెద్ద పేచీ లేదు. వాటికి పడనిది నీరు. పెట్రోలులో చేరే నీరు, ఇంజనాయిలులో మిగిలిపోయే నీరు, ఉప్పుతో కలిసి చైను మీద కూర్చునే నీరు, చల్లటి లోహానికి పట్టే చెమట. కింద చెప్పే పనుల్లో ఎక్కువ భాగం ఆ నీటిని బయటికి పంపడానికో, లోపలికి రానివ్వకుండా చూడడానికో చేసేవే. ఏ పని ఎందుకో తెలిస్తే మీ బండికి ఏది అక్కర్లేదో మీరే తేల్చుకోగలరు.

నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650. చెన్నై పక్కన తయారైన బండి. ఇరవై డిగ్రీలకే స్వెటరు వెతుక్కునే ప్రాంతం నుంచి వచ్చింది కాబట్టి దానిమీద నాకు కొంచెం సానుభూతి ఎక్కువ. మీది హోండా అయినా హార్లీ అయినా పద్ధతి ఇదే. కొలతలు మాత్రం మీ బండితో వచ్చిన పుస్తకంలోవే తీసుకోండి.

ముహూర్తం

హైదరాబాదు, సికింద్రాబాదుల లాగే మినియాపోలిస్, సెయింట్ పాల్ కూడా జంట నగరాలు. 1991 అక్టోబరు 31న మొదలైన మంచు తుపాను ఈ జంట నగరాల మీద 72 సెంటీమీటర్ల మంచు పోసింది. ఇక్కడి పాతకాపులు ఆ కథ చెప్పకుండా అక్టోబరు గడపరు. అందుకే నా లెక్క దసరాతో మొదలవుతుంది. ఆయుధ పూజకు బండిని ఎలాగూ కడుగుతాం, నిమ్మకాయ కడతాం. ఆ తర్వాత ఎండ కాసే రోజులు ఉన్నంతవరకు తిరిగి, అక్టోబరు మూడో వారంలో పొడిగా ఉండి పది డిగ్రీలు దాటే రోజు చూసుకుని పని పూర్తి చేస్తాను. (పూజ గ్యారేజీలో చేస్తే కర్పూర హారతి మాత్రం బండికి దూరంగా ఇవ్వండి. పెట్రోలు ఆవిరికి భక్తి తెలియదు.)

మంచు పడటం కంటే రోడ్డు మీద ఉప్పు పడటం అసలు గడువు. ఉప్పు చల్లాక ఒక్కసారి తిరిగినా ఆ తెల్లటి పొర బోల్టుల సందుల్లోకి, చైను లింకుల్లోకి, స్పోకుల మొదళ్ళలోకి వెళ్తుంది. ఆపైన ఐదు నెలలు దానికి ఎదురు ఉండదు.

ముందుగా తెచ్చుకోవలసినవి: ఇంజనాయిలు, ఆయిల్ ఫిల్టరు, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు, పెట్రోలు స్టెబిలైజరు (నిలవ ఉన్న పెట్రోలు చెడకుండా కలిపే మందు) సీసా, చైను లూబ్, కొంచెం కిరోసిన్, పాత బనియన్లు, తనంతట తాను ఆగే బ్యాటరీ చార్జరు, ఒక ప్లైవుడ్ ముక్క, ఒక పెద్ద అట్ట పెట్టె.

కడగడం, తర్వాత బంకు దాకా ఒక ప్రయాణం

మొదట బండిని బాగా కడగండి. మామూలు నీటి గొట్టం, వాహనాల సబ్బు చాలు. ఎక్కువ ఒత్తిడితో నీరు చిమ్మే యంత్రాన్ని చక్రాల బేరింగుల మీద, చైను మీద, స్విచ్చుల మీద గురిపెట్టకండి. మురికితో పాటు గ్రీజును కూడా అది తోసేస్తుంది, నీటిని లోపలికి నెడుతుంది. పురుగుల మరకలు, పక్షి రెట్టలు, చెట్ల జిగురు ఒక్కటీ మిగలకూడదు. ఇవన్నీ చలికాలమంతా రంగును తింటాయి.

కడిగిన బండిని తుడిచి పెట్టేస్తే సందుల్లో నీరు ఉండిపోతుంది. అక్కడే నా క్రమం మొదలవుతుంది. తుడిచిన వెంటనే బండి తీసి పెట్రోలు బంకుకు వెళ్ళండి. ఈ ఒక్క ప్రయాణంతో మూడు పనులు తీరతాయి. గాలికి బండి ఆరుతుంది. మందు కలిపిన పెట్రోలు ఇంజను దాకా చేరుతుంది. ఇంజను వేడెక్కి ఆయిలు మార్చడానికి సిద్ధమవుతుంది. వీటిని మూడు వేర్వేరు రోజుల్లో చేసేవాళ్ళను చూశాను, నేనూ చేశాను. ఈ వరుస తట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

పెట్రోలు

అమెరికాలో బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో దాదాపు ఎక్కడైనా పది శాతం దాకా ఎథనాల్ ఉంటుంది. ఎథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. కొంతవరకు ఆ నీటిని తనలో కలుపుకుని ఉంచుతుంది. హద్దు దాటితే నీరూ ఎథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. చలి పెరిగేకొద్దీ ఆ హద్దు తగ్గుతుంది. బండి లోపలి పెట్రోలు పంపు తోడేది అడుగు నుంచే కాబట్టి వసంతంలో మొదట ఇంజనులోకి వెళ్ళేది ఆ ద్రవమే. స్టీలు ట్యాంకయితే అడుగున తుప్పు కూడా మొదలవుతుంది. ఒకసారి విడిపోయాక ఏ సీసాలోని మందూ దాన్ని మళ్ళీ కలపదు, పారబోయడమే.

దీనికి విరుగుడు ట్యాంకు నింపడమే. ఖాళీ జాగా ఎంత తక్కువ ఉంటే లోపల తేమ గాలి అంత తక్కువ. నా బండి ట్యాంకు 13.7 లీటర్లది. బంకు దగ్గర ముందుగా స్టెబిలైజరు పోసి, ఆపైన పెట్రోలు కొట్టిస్తాను, కలపకుండానే కలిసిపోతుంది. మూత దాకా నింపకండి. ఉష్ణోగ్రత పెరిగితే పెట్రోలు వ్యాకోచిస్తుంది కాబట్టి రెండు మూడు వేళ్ళ జాగా వదలండి. మందు ఎంత పోయాలో సీసా మీద రాసి ఉంటుంది. నేను వాడే స్టా-బిల్ ఎర్ర ద్రవం 30 మిల్లీలీటర్లు సుమారు 9.5 లీటర్ల పెట్రోలుకు సరిపోతుంది. రెట్టింపు పోస్తే రెట్టింపు కాపాడుతుందని అనుకోకండి.

మిన్నెసోటావాళ్ళకు ఇక్కడ ఒక అదృష్టం ఉంది. కొన్ని బంకుల్లో ఎథనాల్ లేని 91 ఆక్టేన్ ప్రీమియం దొరుకుతుంది. దాన్ని ఇక్కడ నాన్-ఆక్సిజనేటెడ్ అంటారు. పాత కార్లకు, పడవలకు, మోటారుసైకిళ్ళకు, మంచు తోసే చిన్న ఇంజన్లకు వాడుకోవచ్చని పంపు మీదే రాసి ఉంటుంది. ఏడాదికి ఒక్క ట్యాంకే కాబట్టి ధర చూసి వెనకాడకుండా అదే కొట్టిస్తాను. స్టెబిలైజరు అందులోనూ పోస్తాను.

బంకు నుంచి ఇంటికి కనీసం పది పదిహేను కిలోమీటర్ల దారి చూసుకోండి. ఇంజెక్షన్ బండి అయితే మందు కలిసిన పెట్రోలు ఆ దూరంలో ఇంజెక్టర్ల దాకా చేరిపోతుంది. కార్బురేటరు బండి అయితే ఇంటికి వచ్చాక పెట్రోలు కాక్ మూసి, కార్బురేటరు అడుగు గిన్నెకు ఉండే చిన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, ఉన్న పెట్రోలును ఒక సీసాలోకి దించేయండి. ఆ గిన్నెలో మిగిలిన నాలుగు చెంచాల పెట్రోలే ఎండి జిగురై జెట్ల కన్నాలు మూసేస్తుంది. పాత యమహాలు, రాజ్‌దూత్‌లు తిప్పినవాళ్ళకు ఈ బాధ చెప్పక్కర్లేదు.

ఇంజనాయిలు

ఇంకా రెండు వేల కిలోమీటర్లు నడిచే ఆయిలును ఇప్పుడే ఎందుకు మార్చాలని చాలామంది వసంతం దాకా ఆగుతారు. పొదుపు ఆలోచనే కానీ ఇక్కడ తప్పు. నడిచిన ఆయిలులో మంట వల్ల పుట్టిన ఆమ్లాలు, నీరు, మసి ఉంటాయి. ఐదు నెలలు బేరింగులు అందులోనే నానాలి. కొత్త ఆయిలులో పడుకోనివ్వండి. వసంతంలో మళ్ళీ మార్చనవసరం లేదు.

ఇంజను వేడిగా ఉన్నప్పుడే డ్రెయిన్ బోల్టు తీయండి. ఆయిలు పలచగా ఉండి మురికితో సహా దిగుతుంది. సైలెన్సరు గొట్టం మాత్రం చేతికి తగలకుండా చూసుకోండి, నా ఎడమ ముంజేతి మీద ఇంకా మచ్చ ఉంది. ఫిల్టరు మార్చి, కొత్త వాషరు వేసి బోల్టు బిగించి, కొలత ప్రకారం ఆయిలు పోయండి. క్లచ్చు ఆయిలులో తడిసే బండ్లకు కారు ఆయిలు పోయకండి. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. తర్వాత ఒక నిమిషం ఇంజను తిప్పి ఆపండి, కొత్త ఆయిలు అంతటా పాకుతుంది. గ్యారేజీ తలుపు పూర్తిగా తెరిచి ఉంచి, బండి వెనక భాగం బయటికి పెట్టి మాత్రమే ఈ పని చేయండి. ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడు ఇంట్లోకి పాకుతుంది. దానికి వాసన కూడా ఉండదు.

తీసిన ఆయిలును మురుగు కాలువలో పోయకండి. మూత ఉన్న డబ్బాలో పట్టి కౌంటీ సేకరణ కేంద్రానికి ఇస్తే తీసుకుంటారు.

ప్లగ్గులు తీసి సిలిండర్లలోకి నూనె చిమ్మాలా అని అడుగుతారు. కార్బురేటరు బండికో, ఏడాదికి పైగా ఆగే బండికో చేయవచ్చు. నాలుగైదు నెలలకు, పొడిగా ఉండే గ్యారేజీలో, ఇంజెక్షన్ బండికి నేను చేయను. ప్లగ్గు మరలు చెడగొట్టుకునే ప్రమాదమే అందులో ఎక్కువ.

చైను, కూలెంటు, బ్రేకులు

చైను వేడిగా ఉన్నప్పుడే కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో మళ్ళీ తుడిచి, లూబ్ పట్టించండి. వెనక చక్రాన్ని చేత్తోనే తిప్పుతూ పట్టించాలి. ఇంజను గేరులో పెట్టి చక్రం తిరుగుతుండగా గుడ్డ పట్టుకోవద్దు, వేళ్ళు పోతాయి. ముందు ఫోర్కుల మెరిసే భాగానికి కూడా సన్నగా నూనె రాయండి. అక్కడ తుప్పు చుక్క పడితే సీలు చిరుగుతుంది.

రేడియేటరు ఉన్న బండి అయితే కూలెంటును పరీక్షించే చిన్న గాజు పరికరం కొనండి. నీరు, ఇథిలిన్ గ్లైకాల్ సగం సగం ఉంటే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఎవరైనా వేసవిలో ఉత్త నీళ్ళు పోసి ఉంటే మాత్రం ఈరోజే దించేయండి. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం పెరుగుతుంది, ఇంజను గోడ అంత పెరగలేదు. నా బండికి గాలి, ఆయిలు చల్లదనమే కాబట్టి ఈ బెడద లేదు.

బ్రేకు ఆయిలు కూడా తేమను లాక్కునేదే. మార్చి రెండేళ్ళు దాటితే ఇప్పుడు మార్చండి, లేదా మార్పించండి.

బ్యాటరీ

చార్జి నిండుగా ఉన్న బ్యాటరీ మిన్నెసోటా చలిలో కూడా గడ్డకట్టదు. లోపలి ఆమ్లం గాఢంగా ఉంటుంది కాబట్టి దానికి మైనస్ 50 కూడా లెక్క కాదు. చార్జి దిగిన బ్యాటరీలో మిగిలేది దాదాపు నీరే. అది సున్నాకు కొన్ని డిగ్రీలు కిందే గడ్డకట్టి డబ్బాను పగలగొడుతుంది. బండి ఆపినా గడియారం, అలారం, ఇంజను కంప్యూటరు కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూనే ఉంటాయి. మొదటి ఏడు నా బ్యాటరీ అలాగే పోయింది. గడ్డకట్టిన బ్యాటరీకి చార్జరు తగిలించవద్దు, అది పేలవచ్చు.

గ్యారేజీలో కరెంటు ప్లగ్గు ఉంటే సులువు. బ్యాటరీకి ఫ్యూజు ఉన్న చిన్న తీగ శాశ్వతంగా బిగించి, దాని కొస సీటు పక్క నుంచి బయటికి తీసి ఉంచండి. చలికాలమంతా బ్యాటరీ టెండర్ లాంటి తెలివైన చార్జరుకు తగిలించి ఉంచవచ్చు. అది నిండగానే ఆగి, దిగగానే మళ్ళీ మొదలవుతుంది. ఇంట్లో పడి ఉన్న పాత కారు చార్జరు అలా ఆగదు, నెలల తరబడి వదిలేస్తే బ్యాటరీని ఉడకబెడుతుంది.

గ్యారేజీలో కరెంటు లేనివాళ్ళు, అపార్టుమెంటులో ఉండేవాళ్ళు బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చుకోండి. ముందు నలుపు, అంటే మైనస్ తీగ విప్పాలి, తర్వాత ఎరుపు. తిరిగి పెట్టేటప్పుడు ముందు ఎరుపు. కారణం ఏమిటంటే, మైనస్ తగిలి ఉండగా ఎరుపు బోల్టు మీది పాన జారి చట్రానికి తాకితే నిప్పురవ్వలు లేస్తాయి. ఇంట్లో నెలకోసారి చార్జి చేయండి. మల్టీమీటరుతో చూస్తే కాసేపు ఆగిన బ్యాటరీ 12.6 వోల్టుల పైన చూపాలి, 12.4 కిందికి దిగితే ఆలస్యం చేయకండి. సిమెంటు నేల మీద పెడితే చార్జి దిగిపోతుందని పక్కింటాయన చెబుతాడు. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు అది వర్తించదు, కానీ ఆయన మాట కాదనలేక చెక్క మీదే పెడతాను.

లిథియం బ్యాటరీ అయితే లిథియం అని రాసిన చార్జరే వాడాలి. సున్నా కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జి చేయడం దానికి మంచిది కాదు, ఇంట్లో పెట్టడమే నయం.

నిలబెట్టే చోటు

గ్యారేజీలో ఇద్దరు ఉంటారని మరవకండి: బండి, కారు. కారు రోజూ అడుగున ఉప్పు మంచును అంటించుకుని వస్తుంది. రాత్రి అది కరిగి నేల మీద మడుగు కడుతుంది. నేల వాలు ఎటు ఉందో చూసి, ఆ ఉప్పు నీరు పారని వైపు బండిని పెట్టండి. చక్రాల కింద ప్లైవుడ్ వేయండి, ఇంజను కింద అట్ట పెట్టె విప్పి పరవండి. గ్యాసుతో వెలిగే వాటర్ హీటరు, ఫర్నేసు ఉన్న గదిలో మాత్రం పెట్రోలు బండి పెట్టకండి.

ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడిపోతే టైరులో గాలి సుమారు రెండు పి.ఎస్.ఐ. తగ్గుతుంది. అక్టోబరులో 15 డిగ్రీల దగ్గర నింపిన టైరు మైనస్ 20లో ఆరు పి.ఎస్.ఐ. దాకా కోల్పోవచ్చు. అందుకే టైరు పక్క గోడ మీద రాసిన గరిష్ఠం దాటకుండా మామూలు కంటే కొంచెం ఎక్కువ కొట్టండి. సెంటర్ స్టాండు ఉంటే దాని మీద నిలపండి, ముందు చక్రం బరువు తగ్గేలా ఇంజను కింద చెక్క దిమ్మ పెడితే ఇంకా మంచిది. సైడు స్టాండు మాత్రమే ఉంటే దిగులు పడకండి. మూడు నాలుగు వారాలకోసారి బండిని అర చుట్టు దొర్లించి వేరే చోట ఆపితే టైరు ఒకే చోట చదును కాదు.

ఎలుకలు

ఎలుకకు మీ బండి వెచ్చటి ఇల్లు. సైలెన్సరు గొట్టం వరండా, ఎయిర్ ఫిల్టరు పడక గది, సీటు స్పాంజి పరుపు. నా బండిలో దొరికిన గూడులో సీటు దూది, నా పాత చేతి గుడ్డ, ఎక్కడి నుంచి తెచ్చిందో గుమ్మడి గింజలు ఉన్నాయి. వైరు తొడుగులు కూడా కొరికింది. వైర్లు సరిచేయించడానికే ఆ ఏడాది బిల్లులో సగం పోయింది.

ఇంజను పూర్తిగా చల్లారాక సైలెన్సరు మూతికి రాగి పీచు కూరండి. స్టీలు పీచు తుప్పు పడుతుంది. లేదా గుడ్డను ప్లాస్టిక్ సంచిలో చుట్టి బిగుతుగా దోపండి. గాలి లోపలికి వెళ్ళే గొట్టం కూడా అలాగే. తర్వాత చేయవలసిన పని అందరూ మరచిపోయేది: ఏవేవి మూశారో ఒక ఎర్ర కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి హ్యాండిల్‌కు, సరిగ్గా తాళం చెవి రంధ్రం మీద పడేలా కట్టండి. ఐదు నెలల తర్వాత మన జ్ఞాపకం మీద నమ్మకం పెట్టుకోకండి.

కలరా ఉండలు పెడితే ఎలుకలు రావంటారు. వాటి వాసన హెల్మెట్‌కు, జాకెట్‌కు, ఇంటికి పట్టి వేసవి దాకా వదలదు, పిల్లలకు, కుక్కలకు ప్రమాదం కూడా. బట్టలు ఆరబెట్టే యంత్రంలో వేసే సువాసన కాగితాలు పెట్టి చూశాను. ఎలుక వాటిని పరుపు దుప్పటిగా వాడుకుంది. గోడ వారగా నాలుగు బోనులు పెట్టడం, పక్షుల గింజల సంచిని గ్యారేజీ నుంచి తీసేయడం, ఈ రెండే నాకు పని చేశాయి.

కప్పడం, కాగితాలు

రంగు భాగాలకు మైనం పట్టించి, తోలు సీటు ఉంటే తోలు నూనె రాసి, గాలి ఆడే గుడ్డ కవరు కప్పండి. ప్లాస్టిక్ పట్టా వద్దు. చల్లటి నీళ్ళ చెంబుకు చెమట పట్టినట్టే, వెచ్చటి తేమ గాలి తగిలినప్పుడల్లా చల్లటి లోహానికి చెమట పడుతుంది. ప్లాస్టిక్ కింద ఆ చెమటకు ఆరే దారి లేదు. గ్యారేజీ లేనివాళ్ళకు పాత పత్తి దుప్పటి చాలదు. బయట పెట్టక తప్పకపోతే అడుగున గాలి కన్నాలు ఉన్న వాన కవరు కొనండి, లేదా చలికాలం బండ్లు దాచే దుకాణం చూసుకోండి.

ఇన్సూరెన్సును మొత్తం రద్దు చేయకండి. గ్యారేజీలో ఉన్న బండికీ నిప్పు, దొంగతనం ప్రమాదాలు ఉంటాయి. తిరగని నెలలకు తక్కువ రుసుముతో నడిచే పద్ధతి చాలా కంపెనీల దగ్గర ఉంది, అడిగితే చెబుతారు. బండి మీద అప్పు ఉంటే ముందు బ్యాంకు షరతులు చదవండి.

చలికాలంలో

జనవరిలో మా నాన్న ఫోనులో తప్పకుండా అడుగుతారు: "వారానికోసారి స్టార్టు చేస్తున్నావా? లేకపోతే ఇంజను పట్టేస్తుందిరా." ఆయన అన్నది ఆయన బండికి, ఆయన ఊరికి నిజం. అక్కడ స్టార్టు చేశాక బజారు దాకా వెళ్ళి వస్తారు. ఇక్కడ స్టార్టు చేసి ఐదు నిమిషాలు నిలబెట్టి ఆపేస్తాం. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజను బాగా వేడెక్కి కొన్ని కిలోమీటర్లు నడిస్తే ఆ ఆవిరి బయటికి పోతుంది. ఐదు నిమిషాల్లో పోదు. సైలెన్సరు లోపల, ఆయిలులో నీరై కూర్చుంటుంది. అక్టోబరులో కష్టపడి బయటికి పంపిన నీటిని మనమే మళ్ళీ లోపల పోసినట్టు. బ్యాటరీ కూడా స్టార్టుకు ఖర్చు చేసిన చార్జిని ఆ కాస్త సేపట్లో తిరిగి రాబట్టుకోలేదు. కాబట్టి తాళం చెవి డ్రాయరులో పెట్టేయండి. ఇంజను శబ్దం వినాలని మరీ అనిపిస్తే కారు ఉంది. నాన్నతో వాదించను. "చేశాను నాన్నా" అని ఒక అబద్ధం ఆడతాను.

చేయవలసిందల్లా నెలకోసారి కవరు ఎత్తి చూడడం: చార్జరు దీపం పచ్చగా ఉందా, ఎలుక పెంటికలు ఉన్నాయా, టైరులో గాలి ఉందా.

మళ్ళీ తీసేటప్పుడు

ఉగాదికి బండి తీయాలని అందరికీ ఉంటుంది. మార్చి చివర ఒకరోజు ఎండ కాస్తుంది, చేతులు దురద పెడతాయి. ఆగండి. రోడ్డు మీద ఉప్పు ఇంకా ఉంటుంది. గట్టి వానలు రెండు మూడు పడి రోడ్డు కడిగాక తీయండి. ఇక్కడ అది ఒక్కోసారి ఏప్రిల్ మధ్య దాకా సాగుతుంది.

ముందు ఎర్ర కాగితం చదివి కూరినవన్నీ తీయండి. బ్యాటరీ పెట్టి, టైర్లలో గాలిని పుస్తకంలోని కొలతకు దించి, ఆయిలు మట్టం చూడండి. ట్యాంకు మూత తీసి వాసన చూడండి. పెట్రోలు వాసనే వస్తే సరే. బ్రేకు మీట, దీపాలు, హారను పరీక్షించి, బండిని బయటికి తోసుకెళ్ళి స్టార్టు చేయండి. బ్రేకు డిస్కుల మీద సన్నటి తుప్పు పొర ఉంటుంది. మొదటి నాలుగైదు బ్రేకులు గరగరలాడతాయి, మెల్లగా వేసుకుంటూ పోతే పోతుంది. కూడళ్ళ దగ్గర, మలుపుల్లో చలికాలం చల్లిన ఇసుక ఇంకా ఉంటుంది. దాని మీద బండి వంచవద్దు. కార్లు నడిపేవాళ్ళు కూడా ఐదు నెలలుగా మోటారుసైకిలు చూసి ఉండరు, మీరు కనబడుతున్నారని అనుకోకండి.

బయలుదేరే ముందు ఇంజను కింద పరిచిన అట్టను పారేయకుండా ఒకసారి వెలుతురులో చూడండి. ముందు చక్రం దగ్గర మరక ఉంటే ఫోర్కు సీలు, మధ్యలో ఉంటే డ్రెయిన్ బోల్టు వాషరు, పచ్చగానో గులాబీ రంగులోనో ఉంటే కూలెంటు కారుతున్నట్టు. ఐదు నెలల రిపోర్టు అది. నా అట్ట ఈ ఏడు శుభ్రంగానే ఉంది, ఒక మూల కొరికి ఉంది తప్ప.